అయ్యిందన్నాడు అల్లా బాషా

మళ్లీ అదే మాట అంది కంప్యూటరు: అలాంటి కమాండ్ లేదు. అల్లా బాషా కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, తిరిగి పెట్టుకున్నాడు. అద్దాలు తుడిస్తే తెర మాట మారుస్తుందా?

చెయ్యాల్సినవన్నీ చేశాడాయె! రాజంపేట దగ్గరి ఆ కాలేజీ ల్యాబులో సీనియర్ల ప్రాజెక్టులకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పాత వర్షన్ కావాలి, కొత్త సిలబస్‌కు కొత్తది కావాలి. రెండూ ఒకే కంప్యూటర్లో కొట్లాడుకోకుండా ఉండాలంటే వర్షన్ మేనేజర్ అనేదొకటి పెట్టాలట. పెట్టాడు. దాని ఫోల్డరు కళ్లెదురుగా ఉంది. సెట్టింగుల ఫైల్లో రాయమన్న వరుసలూ రాశాడు. పిలిస్తే మాత్రం లేదంటుంది.

"ఉండాది. కానీ లేదంటాది. యా అల్లా, ఏం కత ఇది!" అని గొణుక్కున్నాడు.

పక్క టేబుల్ దగ్గర కృపారాణి మేడమ్ సొరుగులు ఖాళీ చేసుకుంటోంది. ఆమెకు కర్నూలులో వేరే కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఈ సాయంత్రమే ప్రయాణం. ఇన్నేళ్లూ ల్యాబ్ అసిస్టెంటు బాషా ఎక్కడ తడబడినా, విసుక్కోకుండా వచ్చి సరిచేసి పోయిన మనిషి. అందుకే ఈ ఒక్క పనైనా తన చేత్తో చేసి, ఆమె పోయేలోపు చూపించాలని బాషా పట్టుదల.

"ఏం బాషన్నా, నన్ను చూడమంటావా?"

"వద్దు మేడమ్. నేను సూసుకుంటాండా గదా."

ఈ ఉద్యోగానికి రాకముందు బాషా పెళ్లిపత్రికలు కంపోజు చేసేవాడు. ఒకసారి కరెంటు పోయి, చేసిన పత్రికంతా గాలికి పోయింది. పెళ్లివాళ్లు నానా చీవాట్లు పెట్టారు. అప్పటినుంచి పని పూర్తయ్యేదాకా తెరమీద తెరిచిన విండో మూయడంటే మూయడు. ఎవరైనా మూయబోతే చెయ్యి పట్టుకుంటాడు. ఇవాళా అంతే. కమాండ్లు కొట్టడానికి పొద్దున తెరిచిన నల్ల విండోలోనే పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. అన్నం కూడా కీబోర్డు పక్కనే తిన్నాడు. ఏది పెట్టాడో, ఏది తీశాడో చివరికి అతనికే తికమకైపోయింది.

సాయంత్రం ఆటో వచ్చింది. సంచులు ఎక్కించాక కృపారాణి అడిగింది.

"అయ్యిందా అన్నా?"

"అయ్యింది మేడమ్," అన్నాడు బాషా.

ఆమె మొహం విప్పారింది. "శానా సంతోషం. నేను పోతే ఎట్ల చేసుకుంటావో అని దిగులు పడ్తాంటి. ఇంక లేదులే."

ఆటో గేటు దాటింది. బాషాకు మనసంతా చేదైపోయింది. పోయే మనిషికి అబద్ధం చెప్పి పంపాడు! విసురుగా లోపలికొచ్చి, పొద్దుటినుంచి కాపాడుకొస్తున్న విండోను మూసేశాడు. పోతే పోనీ! కానీ రేపైనా తప్పదు కదా అని ఇంకో విండో తెరిచి, ఆశ లేకుండానే ఆ కమాండు కొట్టాడు.

పలికింది. పాత పైథాన్, కొత్త పైథాన్ ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి.

కొత్తగా రాసిన సెట్టింగులు కొత్తగా తెరిచిన విండోకే తెలుస్తాయని పాపం అతనికెవరూ చెప్పలేదు. ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. "మేడమ్, వచ్చింది! సూడండి!" అంటూ వరండాలోకి పరుగెత్తాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. గబగబా జేబులోంచి ఫోను తీశాడు. ఆమె పేరు దాకా వెళ్లి ఆగిపోయాడు. ఏమని చెప్పాలి? అయ్యిందని ముందే చెప్పేశాడు కదా.

ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. ఏసీ గదిలో నేల చల్లగా ఉంటుందని, లోపల వేసుకోవడానికి కృపారాణి ఉంచుకున్న నీలం రబ్బరు చెప్పులు గుమ్మం పక్కన ల్యాబు వైపే తిరిగి ఉన్నాయి.