పుల్లమ్మ అన్నిటికీ ఔనంది

దయామణికి తన నోటిమీద తనకి చానా నమ్మకం. ఉండదా మరి! ఇంట్లో పల్నాటి తెలుగు, బళ్ళో పిల్లలకి చెప్పే ఇంగ్లీషు, మాచర్ల బజార్లో నాగూర్ వలి కొట్టుకాడ ఉర్దూ కూడా గడగడా మాట్లాడే పిల్ల. అందుకే ఆ ఎండాకాలం సెలవల్లో మద్రాసు నుంచి ఎలినార్ దొరసాని దిగ్గానే, ఆమెకి మాట అందించే పని ఇంకొకరికి దక్కనీలేదు.

దొరసానిది వింత చదువు. ఒక తీరు మనుషులు ఇంకో తీరు మనుషులతో ఎట్టా మాట్లాడతారు, ఎక్కడ మాట కలుస్తుంది, ఎక్కడ తెగుతుంది, అదీ ఆమె చదువు. "మాటల మీద చదువేందే, పనిలేకపోతే సరి!" అంది దయామణి తల్లి పాపమ్మ. కానీ దొరసాని తిరిగి పోయేటప్పుడు ఒకర్ని మద్రాసు తీసుకెళ్ళి అదే చదువు చెప్పిస్తానంది. ఆ ఒక్కరూ తనే కావాలని దయామణి పట్టుబట్టి కూర్చుంది.

రెంటచింతల బస్సు దిగి లోపలికి నడిస్తే వచ్చే చిన్న ఊరు వాళ్ళది. పై వీధి, కింద వీధి, అందరూ ఒకే చర్చికి పోతారు, ఒకే ప్రార్థన చెబుతారు. చర్చి దాటాక ఎవరి వీధి వాళ్ళది. దయామణిది పై వీధి.

మొదటిరోజు ఇద్దరూ కింద వీధిలో పుల్లమ్మ ఇంటికి పోయారు. ఆ వీధికి ఆమే పెద్ద, ఆమె నోరు విప్పితే ఆడోళ్ళందరూ విప్పుతారు. పుల్లమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. కాచిన నీళ్ళే తాగమని డాక్టరు చెప్పాడట, దొరసాని వద్దని చెయ్యి ఊపింది. "నేనూ ఇప్పుడే తాగొచ్చాన్లే పుల్లమ్మా" అంది దయామణి, ఎప్పుడూ అనే మాటే. పుల్లమ్మ చెంబు పక్కన పెట్టింది.

దొరసాని టేపురికార్డరు తిప్పి అడగసాగింది. పై వీధివాళ్ళు మీతో బాగుంటారా? "ఆఁ, ఉంటారమ్మా." ఇంటికొస్తారా? "ఆఁ, వస్తారమ్మా." తింటారా? "ఆఁ, తింటారు, అంతేనమ్మా." మర్నాడూ ఇదే వరస, ఆ మర్నాడూ ఇదే. దొరసాని మొహం వెలిగిపోయింది. దయామణికి ఒళ్ళు మండింది. ఈ పల్లెల్లో ఇంటికొచ్చినోళ్ళ మీద మనసు విరిగితే పోట్లాడరు, అన్నిటికీ ఔననేస్తారు. పోట్లాడారంటే మనవాళ్ళనుకున్నట్టు. ఔనౌనన్నారంటే తలుపేసి గడియపెట్టినట్టే.

సంగతి చెబితే మద్రాసు చదువు మట్టికొట్టుకుపోతుందేమో. పోతే పోనీ! దయామణి నాన్చే మనిషి కాదు.

"మీ మిషన్లో ఉన్నదంతా పొల్లండీ, ఒక్క గింజ లేదు" అనేసింది. "మీరు నీళ్ళు వద్దన్నారు. మా కాడ ఇంటి నీళ్ళు వద్దంటే ఆ ఇంటి మనుషుల్నే వద్దన్నట్టు. వాళ్ళు ఆ దెబ్బ తినీ తినీ ఉన్నారు."

దొరసాని మొహం పాలిపోయింది. ఇప్పుడేం చెయ్యాలంది.

"పోయి ఆకలేస్తందని అడగండి. పొయ్యిమీద ఉడికిందాన్ని మీ డాక్టరు కూడా వద్దనడు."

దొరసాని అడిగింది. గడప దాటి లోపలికి పోయి, నేలమీద చతికిలబడి, వచ్చీరాని తెలుగులో "ఆకలి" అంది. పుల్లమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. చూసి, వేడి జొన్న సంకటి, గోంగూర పచ్చడి కంచంలో పెట్టింది. తొలి ముద్దకే దొరసాని కళ్ళవెంట నీళ్ళు.

"నీ బండబడ! అంత పచ్చడా? సంకటి తుంచి ఊరికే అద్దుకోవాలమ్మా. చంటిపిల్ల నయం నీకంటే!" అని కేకలేసింది పుల్లమ్మ.

కోపమొచ్చిందా అని దొరసాని బెదిరిపోయింది. "పోయిందండీ కోపం! ఇప్పుడు తిప్పండి మిషను" అని దయామణి పొంగిపోయింది. మద్రాసు ఇంక చేతికందినట్టే అనుకుంది.

"మొన్న చెప్పినయ్యన్నీ కొట్టెయ్ అమ్మా" అంది పుల్లమ్మ. "పై వీధోళ్ళు నా ఇంటికి రారు. నా పెనిమిటి పోయిన్నాడు గూడా వీధిలోనే నిలబడి పోయారు. బయటోళ్ళల్లో ఈ ఇంట్లో చెయ్యి కడిగింది నువ్వే."

దయామణి ఒక్కో మాటా ఇంగ్లీషులో అందిస్తోంది. అప్పుడు పుల్లమ్మ ఆమెవైపు తిరిగింది.

"దొరసాని తెలవక వద్దంది, ఆమె మీద నాకేం కోపం? నా కోపం మీ మీద టీచరమ్మగారూ. మీరు పుట్టిన కాణ్ణించి చూస్తన్నా. ఎప్పుడొచ్చినా తాగొచ్చే ఉంటారు, తినొచ్చే ఉంటారు. అదేం కడుపు తల్లీ, ఎప్పుడూ నిండే ఉంటది!"

దయామణికి మూడు భాషలుండీ ఒక్కటీ ఆదుకోలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయినయ్. ఏమంటోందని దొరసాని అడుగుతోంది. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు, ఆమెకేం తెలుస్తుంది! నిజం చెబితే ఇట్టాంటి మనిషినా నేను తీసుకుపోయేది అనుకోదూ?

"ఆమె తలుపేసింది మీకు కాదట, నాకట" అని ఇంగ్లీషులో చెప్పేసింది. చెప్పి, దొరసాని పక్కనే నేలమీద కూర్చుంది. ఇంటికాడ అమ్మ తన కంచం వేరే పెడితే పెట్టనీ.

"నాకూ పెట్టు పెద్దమ్మా. ఆకలేస్తంది."

పై వీధివాళ్ళ నోట ఆ పిలుపు పుల్లమ్మ ఏనాడూ వినలేదు. లోపలికి పోయి కంచం తెచ్చింది. సంకటి నిండుగా పెట్టింది. దయామణి ఒక ముద్ద మింగిందో లేదో, "ఏమే, ఆ ముద్దలేంది, కోడిపిల్ల మేసినట్టు? సరిగ్గా తిను!" అని కసిరింది.

ఇప్పుడేమందని దొరసాని అడిగింది.

"నన్ను తిడతందండీ" అంది దయామణి, కళ్ళు తుడుచుకుంటూ, గొప్పగా.

దొరసాని ముక్కు చీదుకుని నవ్వింది. మద్రాసులో ఈ పచ్చడి దొరకదు, నువ్వు నాతో వచ్చేటప్పుడు ఒక జాడీ తెచ్చుకో అంది.

"ఏందంట?" అంది పుల్లమ్మ.

"నీ పచ్చడి మద్రాసుకి తీసుకురమ్మంటంది పెద్దమ్మా."

"మద్రాసు ఏడికి పోద్దిలే. ముందు ఆ కంచం ఖాళీ చెయ్" అంది పుల్లమ్మ.