ఐదుకు రెండు

మనోజ మహిధర్ ముఖం ఎన్నడూ చూడలేదు. అయినా రెండేళ్లుగా ఆమె రోజులో సగం గడిచింది అతనితోనే.

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో వాళ్లది రెండు గదుల అద్దె ఇల్లు. పిల్ల బడికి, భర్త ఎల్లేశ్ ఆటో తీసుకుని అడ్డాకు వెళ్లాక ఆమె లాప్‌టాప్ తెరిచి చెవులకు వైర్లు తగిలించుకునేది. ఎవరెవరి మాటలో వినపడేవి. ఎరువుల కొట్టుకు ఫోన్ చేసిన రైతు, డాక్టరుకు నొప్పి చెప్పుకునే ముసలమ్మ, గట్టు కోసం తిట్టుకునే అన్నదమ్ములు. విన్నది విన్నట్టు తెలుగులో టైపు చేయడం ఆమె పని. అదే ఫైలును తన ఇంట్లో తెరుచుకుని తప్పులు దిద్దడం మహిధర్ పని. యంత్రాలకు తెలుగు నేర్పడానికట ఇదంతా. ఎక్కడి యంత్రాలో ఇద్దరికీ తెలియదు.

ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవద్దని కంపెనీ ఆంక్ష. అందుకని వాళ్ల ముచ్చట్లన్నీ ఫైలు అంచునే, దిద్దుబాట్ల కోసం వదిలిన జాగాలోనే సాగేవి.

“అక్కా, ముసలమ్మకు వచ్చింది ‘జర’ గాదు, ఒళ్లు గాలే ‘జెరం’. జర వచ్చుడేంది?” అని రాసేవాడు. మనోజ ఒక్కతే కూర్చుని నవ్వుకునేది. ఇంకోసారి, “జర ఆగక్కా, మా అమ్మ మిషన్ చప్పుడుకు ఏం ఇనవడ్తలేదు. మీర్‌పేట్ల మా నీళ్ల ట్యాంకు చుట్టుపక్కల జాకెట్లన్నీ మా అమ్మే కుడుతది” అన్నాడు.

వానలు ముదిరిన నెలలో అతని పని చెడింది. దిద్దాల్సినవి వదిలేసేవాడు, సరిగ్గా ఉన్నవి చెరిపేసేవాడు. వాక్యాలు మధ్యలో తెగిపోయి ఉండేవి.

“ఏమైంది తమ్మీ?” అని అడిగింది.

“ఏం లేదక్కా. జర నీరసం.”

తప్పుల ఫైలు వెనక్కి వస్తే మచ్చ ఇద్దరి పేర్లకూ పడుతుంది. ఆ శనివారం పొద్దున ఒకేసారి మూడు వెనక్కి వచ్చాయి. శనివారం శనివారం జోడీకి ఐదుకు ఎన్ని మార్కులో వేయాలి. రెండేళ్లుగా ఆమె ఐదే వేస్తూ వచ్చింది. ఆ రోజు మాత్రం కోపం మీద రెండు వేసి, కింద “శ్రద్ధ పెట్టడం లేదు” అని రాసింది. పంపిన తర్వాత మనసు కొంచెం చివుక్కుమంది గానీ, మళ్లీ పనిలో పడిపోయింది.

సోమవారం గ్రూపులో టీమ్ లీడ్ జగదీశ్వర్ మెసేజ్ పెట్టాడు. “మహిధర్ స్థానంలో నేటి నుంచి హర్షిత. అందరూ సహకరించగలరు.” కంపెనీ యాప్‌లో నూట నలభై మంది ఉన్న గ్రూపు అది, ఎవరి నంబర్లూ కనపడవు. సరేనంటూ బొటనవేలి గుర్తులు టపటపా పడ్డాయి. మహిధర్ పేరు గ్రూపులోంచి పోయింది. మనోజ జగదీశ్వర్‌ను విడిగా అడిగితే, “వేరే పనికి మార్చినం మేడమ్” అని జవాబు వచ్చింది.

హర్షిత పని చక్కగానే చేసేది. ముచ్చట పెట్టేది కాదు. మనోజకు మాత్రం అన్నం సహించేది కాదు. మూడు వారాలు చూసి ఎల్లేశ్ అడిగాడు.

“మొకం సూడనోని కోసం గింత ఫికరా?”

“మొకం సూడకపోతేంది? రెండేండ్లు కలిసి పని చేసినం.”

“గట్లయితే పోయి కలిసి రా.”

ఆదివారం ఆమె బస్సెక్కింది. మీర్‌పేట్‌లో నీళ్ల ట్యాంకు దగ్గర జాకెట్లు కుట్టే ఇల్లు అడిగితే ఒకామె వేలు పెట్టి చూపించింది. గేటుకు ఫ్లెక్సీ కట్టి ఉంది. వానకు ఒక మూల ఊడి వేలాడుతోంది. పైన శ్రద్ధాంజలి, నడుమ కళ్లద్దాలు పెట్టుకున్న బక్కపలచని కుర్రవాడు, కింద మహిధర్ అని పేరు. మనోజ గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

మిషన్ ముందు నుంచి తల్లి మాణిక్యమ్మ లేచి వచ్చింది. “ఎవరు బిడ్డా? జాకెట్టా?”

“కాదమ్మా. మహిధర్ తోటి పని చేస్తుంటి.”

ఆమె చేతిలోని జాకెట్టు గుడ్డ పక్కన పెట్టింది. “వాని తోటి పని చేసెటోళ్లున్నరా? ఇంట్లకెళ్లి కదలకపోయేటోడు గదా. బస్తీల అందరు ఖాళీగ ఉంటడనే అనుకున్నరు. వాడు పోయిననాడు ఎవ్వరికి చెప్పాలెనో మాకు సమజ్ గాలే.”

డెంగీ వచ్చిందట. దవాఖానలో ఐదు రోజులున్నాడట.

“మంచం మీద గూడ గా లాప్‌టాప్ డబ్బ ముంగటేసుకునే ఉండె. వద్దుర కొడుకా అంటే, నేను ఆపితే అక్కకు కష్టమైతది అన్నడు. ఏ అక్కనో మాకు తెల్వది. సోమారం పొద్దుగాల ఫోన్ సూసి పక్కకు వెట్టిండు. మల్ల ముట్టలే. బుధారం పోయిండు.”

దాచుకుని కూర్చోవడం మనోజ చేత కాలేదు. “గా అక్కను నేనేనమ్మా. తప్పులు చేస్తుండని రాసి పంపింది గూడ నేనే. గందుకే తీసేసిండ్రు.”

“తప్పులుండెనా మరి?”

“ఉండె.”

“ఉంటే నువ్వేం చేస్తవ్ బిడ్డా,” అంది మాణిక్యమ్మ. తిట్టి ఉంటే మనోజకు ఇంత బరువు ఉండేది కాదు.

చాయ్ పెట్టి ఇచ్చింది. తాగుతుంటే అడిగింది, “వాడు రాసింది ఏదన్న ఉంటే సూపియ్యవా? నాకు సదువు రాదు. ఊకె సూస్త.”

మనోజ ఫోన్‌లో వెతికింది. పూర్తయిన ఫైళ్లు వారం తిరగకుండా మూసేస్తారు. ఏది నొక్కినా అనుమతి లేదనే వచ్చింది. మూడోసారి కూడా నొక్కి, ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. “బంద్ చేసిండ్రమ్మా.”

తల్లి తలూపింది, ఇట్లాంటివి తనకు అలవాటే అన్నట్టు.

తిరుగు బస్సులో మనోజ గ్రూపులో రాసింది. “మహిధర్ చనిపోయిండు. రెండేండ్లు మన తోటి పని చేసిండు.” నిమిషంలో ఆ మెసేజ్ మాయమైంది. “పనికి సంబంధం లేనివి పెట్టొద్దు” అని జగదీశ్వర్ రాశాడు. గ్రూపులో ఉన్న ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి విడిగా అడిగాడు, “ఏ మహిధర్?”

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. తుర్కయంజాల్ దాటింది, బొంగుళూరు గేటు దాటింది, రాస్తూనే ఉంది. పంపింది. చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

ఇంటికి చేరేసరికి ఎల్లేశ్ గడపలో కూర్చుని ఉన్నాడు. “దొరికిండా?”

“ఇల్లు దొరికింది,” అని మనోజ లోపలికి వెళ్లింది.