పేరులేని ఫ్లాష్

కామారెడ్డి స్టేషన్ రోడ్డులోని పాత సామాన్ల కొట్టులో ఆ ఫ్లాష్ కనపడగానే ఆశ్రిత గుండె ఝల్లుమంది. ఫొటో స్టూడియో నడిపే ఆమెకు పాతకాలపు కెమెరా ఫ్లాషులంటే పిచ్చి. పొడుగాటి పిడి, ట్యూబు వెనక మెరిసే గుండ్రటి రేకు, భుజానికి తగిలించుకునే బ్యాటరీ పెట్టె, అన్నీ ఉన్నాయి. కంపెనీ పేరే లేదు.

కొనుక్కొచ్చి ఫొటోలు తీసి, ఇలాంటివి సేకరించేవాళ్ల గ్రూపులో పెట్టింది. ఒకరు జర్మనీదన్నారు, ఇంకొకరు జపానుదన్నారు. వాళ్లు పంపిన బొమ్మలతో పోల్చి చూస్తే మరలూ కలవలేదు, వైరు పిన్నూ కలవలేదు. ఇక విప్పక తప్పలేదు. పెట్టె మూత తీసి, కరెంటు నిలవచేసే కెపాసిటర్‌లో ఏమీ మిగల్లేదని మీటరుతో చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టింది. ట్రాన్స్‌ఫార్మర్ ఎవరో చేత్తో చుట్టారు! గుండ్రటి రేకు ఊడదీసి వెనక్కి తిప్పింది. ఒక్క ఉదుటున కుర్చీలోంచి లేచింది. చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలు: "శాంతవ్వ, ఎల్లారెడ్డి."

ఆ రేకు ఒక స్టీలు గిన్నె!

పాతవి పాడైపోవడంతో కొత్త కెపాసిటర్, బ్యాటరీలు కొని, ఆ వారమే ఎల్లారెడ్డి బస్సెక్కింది. ఫొటో దుకాణంలో అడిగితే, "ఫొటోల లక్ష్మణ్ తాత భార్యనే" అంటూ ఇల్లు చూపించారు.

అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న శాంతవ్వ చేతిలో ఆశ్రిత ఆ గిన్నె పెట్టింది. ముసలమ్మ అక్షరాలను వేలితో తడిమి చూసుకుంది.

"ఓయమ్మో! నా పెండ్లిల మా మేనమామ పెట్టిన గిన్నె! ఇల్లంత దేవులాడిన. ఆడిబిడ్డనే ఎత్కపోయిందని దానితోని సక్కగ మాట్లాడకపోతి. ఏడ దొరికింది బిడ్డా?"

అప్పుడే గడపలోకి వచ్చిన లక్ష్మణ్, ఆశ్రిత ఒళ్లోని ఫ్లాష్‌ను చూసి ఆగిపోయాడు.

"నేనే కోసిన," అన్నాడు మెల్లగా. "హైదరాబాద్ కోఠిల ట్యూబు కొనుక్కొచ్చిన గాని, ఎనక పెట్టనీకి మెరిసే రేకు దొరకలే. గీ గిన్నె మెరుపు చూసి మనసాగలే."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే కోయనిస్తుంటివా?"

"తాతా, మొత్తం నువ్వే చేసినవా?" ఆశ్రిత గొంతు వీధి చివరిదాకా వినపడింది.

"మరేంది! బాన్సువాడ దాంక పెండ్లిండ్లన్ని దీంతోనే తీసిన. పని బందయినంక పాత సామాన్లోనికి అమ్మిన."

ఇద్దరూ అరుగు మీదే కూర్చుని కొత్త కెపాసిటర్, బ్యాటరీలు బిగించి, గిన్నెను మళ్లీ ట్యూబు వెనక అమర్చారు. లక్ష్మణ్ ఏ వైరు ఎక్కడికో తడుముకోలేదు. మీట నొక్కగానే పెట్టె సన్నగా ఈలేసింది. వెలుగుకు సిద్ధమని చెప్పే ఎర్రదీపం వెలిగింది. ఆశ్రిత బటన్ నొక్కింది.

ఫెళ్లున వెలుగు! చిక్కుడుకాయలన్నీ ఒక్క క్షణం తెల్లబోయాయి.

శాంతవ్వ అదిరిపడి, పకపకా నవ్వి, ఫోన్ అందుకుని ఆడబిడ్డకు కలిపింది. "గంగమణీ, గిన్నె దొరికింది. దొంగవు నువ్వు గాదు, మీ అన్ననే!"

అటునుంచి గంగమణి గొంతు అరుగంతా మోగింది. "ఆగు వదినే, ఇప్పుడే వస్తున్న. గా మనిషిని ఎటూ పోనియ్యకు!"

లక్ష్మణ్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆశ్రిత మాత్రం అవేవీ వినడం లేదు. ఎర్రదీపం మళ్లీ ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తోంది.