ఆరువందల ముఖం

ఆ రోజు పొద్దున్నుంచి స్టూడియోలో కుర్చీ ఖాళీ కాలేదు. బడులు తెరిచే వారం. గుర్తింపు కార్డుల ఫోటోల కోసం పిల్లల్ని చంకనెత్తుకొచ్చినవాళ్ళు, చెయ్యి పట్టుకొచ్చినవాళ్ళు, చెవి పట్టుకొచ్చినవాళ్ళు మెట్ల దాకా నిలబడ్డారు. లోపల నీలం తెర ముందు యజమాని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి "నవ్వండి" అంటున్నాడు. కార్డు ఫోటోలో నవ్వకూడదని అతనికి తెలుసు. కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటు. అందుకే ఆ వీధి అతనికి 'నవ్వండి సారు' అని పేరు పెట్టింది.

తెరకు ఇవతల, కిటికీ లేని మూలలో ఫోటోలు దిద్దే అమ్మాయి కూర్చుని ఉంది. అందరూ ఆమెను దిద్దుడమ్మాయి అంటారు. తొమ్మిదింటి నుంచి రెండింటి దాకా అరవై ఎనిమిది ముఖాలు దిద్దింది. చెదిరిన జుట్టు సర్దింది, మొటిమలు తీసేసింది, ఒక పిల్లవాడి ముక్కు కూడా తుడిచింది. నెలకు తొమ్మిది వేల జీతం. పెళ్ళయి డెబ్బై రోజులు. జీతంలో నాలుగు వేలు కొత్తగా తీసుకున్న గది అద్దెకు పోతాయి. గది చిన్నదే కానీ దానికో కిటికీ ఉంది. పొద్దున ఆరున్నరకి ఎండ సరిగ్గా వచ్చి ఆమె దిండు మీదే కూర్చుంటుంది. ఆ కిటికీ ఉన్నందుకే అద్దె ఐదువందలు ఎక్కువ. కిటికీ కోసం రోజంతా కిటికీ లేని చోట కూర్చోవాల్సి వచ్చిందే అనుకుని ఒక్కోసారి తనలో తనే నవ్వుకుంటుంది.

పక్క వీధిలో పుస్తకాలకు అట్టలు కట్టే భర్త అన్నం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. అతని వేళ్ళకు జిగురు ఇంకా ఆరలేదు.

"పొద్దున మర్చిపోయి వచ్చావు. కళ్ళేంటి, అలా ఎర్రబడ్డాయి?"

"ఈ ఫ్రీ దాంట్లో జుట్టు పని అంతా నా కళ్ళ మీదే కదా."

నాలుగు నెలల కిందటి దాకా ఆ కంప్యూటర్లో నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ ఉండేది. జనం ఫోన్లలోనే ఫోటోలు తీసుకుంటున్న రోజుల్లో అంత కట్టలేనని సారు దాన్ని ఆపేసి, ఉచితంగా దొరికేది ఎక్కించాడు. అదేం తీసిపోయినది కాదు. రెండు వారాలు ఆమె వేళ్ళు పాత మీటలనే వెతుక్కున్నాయి, తర్వాత కుదురుకున్నాయి. కాకపోతే పాతదాంట్లో ఒక్క నొక్కుతో విడిపోయే జుట్టును ఇందులో వెంట్రుక వెంట్రుకగా పట్టుకోవాలి. దానికి నలభై నిమిషాలు. చివరికి బొమ్మ ఒకేలా వస్తుంది. తేడా ఏదన్నా ఉంటే దాని ఖరీదు ఆమె కళ్ళు కడుతున్నాయి.

గోడ మీది బోర్డు మాత్రం మారలేదు. 'మామూలు పని: నూట యాభై. డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్‌తో ప్రత్యేక పని: ఆరువందలు.'

దాని గురించి ఆమె ఒకసారి అడిగింది. "జనం ఇచ్చేది సాఫ్ట్‌వేర్‌కి కాదు అమ్మాయ్, నమ్మకానికి," అన్నాడు సారు. "కొట్టు అద్దె పెంచారు, నీకు తెలుసుగా." ఆమెకు తెలుసు. తన జీతం ఆ కొట్టులోంచే రావాలనీ తెలుసు.

"ఇంతకీ నేను ఫ్రీనా, డబ్బులు కట్టే రకమా?" అన్నాడు భర్త, గొంతు తగ్గించి.

"నువ్వు ఫ్రీయే. అందుకే ఎంత చెప్పినా అప్‌డేట్ అవ్వవు."

అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ నవ్వు ఇంకా ఆమె ముఖం మీద ఉండగానే ఇస్త్రీ అక్క లోపలికి వచ్చింది.

ఆ వీధి మలుపులో బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసే మనిషి ఆమె. బట్టకు ఐదు రూపాయలు. మూడు వారాలుగా బండి కనపడలేదు. తొమ్మిదేళ్ళ కూతురు జ్వరంతో పోయిందని వీధి చెప్పుకుంది. కొంగు చాటునుంచి ఒక బడి ఫోటో తీసి రెండు చేతులతో బల్ల మీద పెట్టింది. నలభై ముగ్గురు పిల్లలు, నాలుగు వరసలు. మూడో వరసలో, చివరినుంచి రెండో పిల్ల మీద వేలు ఆనించింది. ముఖం కందిగింజంత ఉంది.

"ఇదొక్కటే ఉంది తల్లీ. నా ఫోను మాటలు మాట్లాడేదే గానీ బొమ్మలు తీసేది కాదు. దీన్ని గోడకు పెట్టుకునేంత చేస్తావా?"

"చేస్తాను అక్కా."

"నాకు చదువు రాదు. బోర్డు మీద రెండు రకాలున్నాయంటగా. తేడా ఏంటమ్మా?"

దిద్దుడమ్మాయి నోరు తెరిచింది. తెర అవతలినుంచి సారు తల బయట పెట్టాడు.

"తక్కువదాంట్లో పెద్దది చేస్తే ముఖం పగులుతుందమ్మా. ప్రత్యేకంలో అయితే మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంటుంది. పిల్ల విషయం, నీ ఇష్టం."

ఇస్త్రీ అక్క కొంగు ముడి విప్పింది. అన్నీ పదులు, ఇరవైలు. ఇస్త్రీ చేసినట్టు ఒకదానిమీద ఒకటి చదునుగా ఉన్నాయి. నూట ఇరవై చొక్కాలు, అని లెక్క దానంతటదే దిద్దుడమ్మాయి మనసులో పడింది. రసీదు ఆమే రాయాలి. 'ప్రత్యేక పని' అని రాసింది. రాసేటప్పుడు తల ఎత్తలేదు.

"దానికి తక్కువ చెయ్యకూడదమ్మా," అంది అక్క. "బతికుండగా అన్నీ తక్కువవే కొన్నాను."

ఆ మూడు రోజులు దిద్దుడమ్మాయి ఇంకో పని మీద మనసు పెట్టలేదు. రసీదు మీద రాసిన అబద్ధాన్ని పనితో నిజం చేద్దామనుకుంది. కందిగింజను చింతాకంత, చింతాకును చేమంతి అంత చేసింది. పెద్దదయ్యేకొద్దీ ముఖం మసకలు మసకలుగా విడిపోయేది. ఆ మసకల్లోంచి కన్ను వెతికి గీసింది, పెదవి అంచు వెతికి గీసింది. జడలోంచి తప్పించుకున్న వెంట్రుకల్ని విడివిడిగా పట్టుకుంది. కంటిపాపల్లో చెరో వెలుగు చుక్క పెట్టగానే పిల్ల ఇటు తిరిగి చూసినట్టయింది. దిద్దుడమ్మాయి కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఇంటికెళ్ళి భర్తకు చెప్పింది: "ఇవాళ నన్నొక పాప చూసింది." ఆ సంతోషంలో కూర చేయడం మర్చిపోయింది. ఇద్దరూ పెరుగన్నం తిన్నారు, అదే బాగుందనుకున్నారు.

శుభ్రం చేయడం ఆ పనిలో మొదటి మెట్టు. మచ్చ ఉన్న ముఖం గడప దాటకూడదన్నది సారు నియమం. బడి ఫోటో నిండా దుమ్ము చుక్కలే. పిల్లల చొక్కాల మీద, వెనక గోడ మీద, టీచరు చేతి మీద కూడా ఉన్నాయి. పాప ఎడమ కనుబొమ పక్కన కూడా ఒకటుంది. చెయ్యి అలవాటుగా వెళ్ళి దాన్ని తుడిచేసింది. తర్వాత సారు వచ్చి, ఎప్పట్లాగే, ముఖం తెలుపు రెండు మెట్లు పెంచమన్నాడు. పెంచింది.

మూడో రోజు మధ్యాహ్నం ఇస్త్రీ అక్క వచ్చింది. స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. దిద్దుడమ్మాయి కాగితం విప్పి పటాన్ని కంప్యూటరుకు ఆనించి నిలబెట్టింది. అక్క ముఖంలోకి చూస్తూ, మెచ్చుకోలు కోసం చిన్నపిల్లలా నిలబడింది.

అక్క చాలాసేపు చూసింది. మెడ ఒకసారి అటు, ఒకసారి ఇటు వంచింది.

"బాగుందమ్మా. పెద్దింటి పిల్లలా ఉంది." పటం అంచు తడిమింది. "ఎవరి పాప?"

దిద్దుడమ్మాయి బడి ఫోటో కోసం చెయ్యి చాచింది. సారే అందుకున్నాడు. "నీ పాపే కదమ్మా. కొత్తల్లో అలాగే అనిపిస్తుంది."

"నా పాపేనా?" అక్క ఇంకా దగ్గరకు వంగింది. "దానికి ఇక్కడ మచ్చ ఉండాలి కదా." తన ఎడమ కనుబొమ మీద వేలు పెట్టుకుంది. "రెండేళ్ళప్పుడు బండి కింద ఆడుకుంటూ లేచింది, ఇస్త్రీ పెట్టె మొన తగిలింది. నేను చూసుకోలేదు."

"అది దుమ్మనుకుని..." అని గొణిగింది దిద్దుడమ్మాయి.

అక్కకు అది వినపడలేదు. పటాన్నే చూస్తోంది. "ఏడేళ్ళు ఆ మచ్చ పోతే చాలనుకున్నాను. దాని ముఖం కడిగినప్పుడల్లా అనుకున్నాను. ఇప్పుడు పోయింది." చెంగుతో పటం మీది అద్దం తుడిచింది. మచ్చ దాని కింద ఉందేమోనన్నట్టు తుడిచింది. తర్వాత తల ఊపింది. "పోనీలే. ఆరువందలది తప్పు చేస్తుందా? అంత పెద్ద మిషను చూసి చెప్తుంటే, నాకే సరిగా గుర్తు లేదేమో. మూడు వారాలకే మర్చిపోతున్నానేమో తల్లీ."

పటాన్ని కాగితంలో చుట్టబోయింది. ఆ చేతుల్లో సందేహం లేదు. తన కళ్ళ మీద తనకు నమ్మకం పోయిన మనిషి చేతులు అవి. నమ్మకానికే డబ్బని సారు అన్న మాట దిద్దుడమ్మాయికి గుర్తొచ్చింది. ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందో ఇప్పుడు కళ్ళెదుట కనపడింది.

ఆమె లేచి కాగితం మీద చెయ్యి వేసింది.

"మీకు బాగానే గుర్తుంది అక్కా. తప్పు చేసింది నేను. ఇక్కడ ఆరువందల మిషనేదీ లేదు. అది పోయి నాలుగు నెలలైంది. ఉన్నది ఒక్కటే, ఫ్రీది. నూట యాభైకైనా ఆరువందలకైనా చేసేది దాంతోనే, చేసేది నేనే. మచ్చ చెరిపింది కూడా నేనే."

తెర అవతల కూర్చున్న పిల్లవాడి తల్లి ఇటు తిరిగింది. మెట్ల మీద మాటలు ఆగాయి.

"అమ్మాయ్," అన్నాడు సారు. గొంతు పెంచలేదు. "నీకు ఎండ తగిలినట్టుంది. ఇంటికి వెళ్ళు." తర్వాత అక్క వైపు తిరిగి సొరుగు లాగాడు. "నాలుగు వందల యాభై ఇచ్చేస్తానమ్మా. అంతేగా?"

అక్క సొరుగు వైపు చూడలేదు. "అయితే మచ్చ ఉందన్నమాట," అంది. "నేను మర్చిపోలేదన్నమాట." అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి. చప్పుడు లేకుండా, చాలా వచ్చాయి.

దిద్దుడమ్మాయి కూర్చుని పాప ముఖం కంప్యూటర్ తెర నిండా తెరిచింది. పక్కన బడి ఫోటో పెట్టుకుంది. కనుబొమ దగ్గర ఉన్నది మూడే మూడు చుక్కలు. చోటు తెలుస్తోంది, ఆకారం తెలియడం లేదు. ఏ సాఫ్ట్‌వేరుకూ అది తెలియదు.

"ఎంతుండేది అక్కా?"

ఇస్త్రీ అక్క స్టూలు జరుపుకుని దగ్గరకు వచ్చింది. వేడికి మొద్దుబారిన చిటికెనవేలు తెర మీద ఆనించింది. "నా గోరంత. మొన పైకి."

"లే అమ్మాయ్," అన్నాడు సారు. "కంప్యూటర్ నాది, కరెంటు నాది. రేపణ్ణుంచి రానక్కర్లేదు."

పొద్దున ఆరున్నర ఎండ, దిండు, కిటికీ ఆమె కళ్ళ ముందు ఒకసారి మెదిలాయి.

"ఇది అయ్యేదాకా లేవను సారూ."

సారు గోడ దగ్గరకు నడిచాడు. స్విచ్ మీద వేలు పెట్టి నిలబడ్డాడు. మెట్ల మీది వాళ్ళు ఒక్కొక్కరే లోపలికి తొంగి చూస్తున్నారు. ఇటు ఇద్దరు ఆడవాళ్ళూ తల తిప్పలేదు. తెర మీద, కందిన ఆ గోటి పక్కనే, లేత గోధుమరంగు మచ్చ ఒకటి మొననుంచి మెల్లగా మొదలైంది.

"నెమ్మదిగా తల్లీ," అంది ఇస్త్రీ అక్క. "దానికి మండుతుంది."