పందెం పడవలో పళ్ల కప్పీ

నేను ఒక కప్పీని. బావి గిలక మీద తాడు వేసి నీళ్లు తోడిన వాళ్లకు మా వంశం కొత్త కాదు. కాకపోతే నా చక్రం లోపల సన్నని పళ్లున్నాయి. తాడు లాగుతుంటే చక్రం టకటకమంటూ తిరుగుతుంది. తాడు వెనక్కి పోబోతే పళ్లు కరుచుకుని చక్రాన్ని కదలనివ్వవు. అప్పుడు సగం బరువు నాది, మిగతా సగమే మనిషి చేతిది.

నన్ను తెరచాప పడవల కోసం తయారుచేశారు. మొదట కొన్నది ముంబైలో ఒక కుర్రాడు. నన్ను బిగించగానే పందెంలో గెలిచే కప్పు నడుచుకుంటూ ఇంటికి వస్తుందనుకున్నాడు. రాలేదు. ఓడిన మనిషి కంటికి ముందు ఆనేది సామానే కాబట్టి నన్ను అమ్మేశాడు. అలా విశాఖపట్నం వచ్చి, హైమావతి గారి వంటింటి గట్టు మీద కరివేపాకు కట్ట పక్కన దిగాను.

హైమావతికీ ఆవిడ భర్త జోగారావుకీ ఒక కాటమరాన్ ఉంది. నీళ్ల మీద తేలే రెండు సన్నని పొట్టలు, వాటి నడుమ గట్టి గుడ్డ బిగించిన పందెం పడవ అది. చుక్కాని ఆయనది, తెరచాప తాడు ఆవిడది. పెళ్లయిన కొత్తలో కుదిరిన పంపకం, ఎన్నడూ మారలేదు. ఆ వేసవిలో ఆవిడ బట్టలుతికే చప్టా మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చెయ్యి వంగింది గాని పట్టు రాలేదు. ఈలోగా పందెం దగ్గరపడింది. జోగారావు తన ఆఫీసులో పనిచేసే త్రినాథ్‌ను సిద్ధంగా ఉండమన్నాడు.

"ఆదివారం ఒక చుట్టు వేసొద్దాం హైమా. తాడు పట్టగలిగితే నువ్వే. లేదంటే ఈసారికి త్రినాథ్. ఏటంటావు?"

"అంటానికేముంది? ఆయనకి ముందే చెప్పేశారు కదా."

మర్నాడు నన్ను తెప్పించింది.

ఆ రకం పడవల పందేలకు ఒక నియమం ఉంది. కప్పీ ఏదైనా పెట్టుకోవచ్చు గాని, పడవకు కొత్త రంధ్రం చేయకూడదు, ఉన్నదాన్ని పెద్దది చేయకూడదు. నా బోల్టేమో లావు. పాత రంధ్రంలో పట్టలేదు. జోగారావు డ్రిల్లు పట్టుకొచ్చాడు.

"రవ్వంత తొలిస్తే సరి. ఎవడు చూస్తాడు?"

"పందెం రోజు పడవల కొలతలు తీసేవాళ్లు వేలు పెట్టి మరీ చూస్తారండీ. అప్పుడు మీరూ నేనూ త్రినాథూ, ముగ్గురం గట్టున కూచుని పల్లీలు తినాలి."

ఆయన డ్రిల్లు పక్కన పెట్టాడు. ఆవిడ నా బోల్టు ఊడదీసి, సన్నని గట్టి తాడును పాత రంధ్రంలోంచి నా తలమీది కడియంలోకి తిప్పి తిప్పి చుట్టింది. చెయ్యి చాలనిచోట తన పళ్లతో లాగి ముడి బిగించింది. తాడుతో కట్టుకోవడాన్ని నియమాలు కాదనలేదు.

ఆదివారం త్రినాథ్ ఇసుకలో నిలబడి ఉన్నాడు.

"ఏటి వదినా, నన్ను ఎక్కమంటావా, ఇంటికెళ్లి తొంగోమంటావా?"

"ఎండ తగలకుండా కూచోవయ్యా. వచ్చి చెబుతాను."

నీళ్లలోకి వెళ్లాక తెలిసింది, తాడును నాలోకి తిరగేసి ఎక్కించారని. ఆవిడ లాగుతుంటే నా పళ్లు కరుచుకుంటున్నాయి, తాడు ఆగిపోయిన చక్రం మీద రాసుకుంటూ బరువుగా వస్తోంది. గాలి విసురుకు ఆపబోతే చక్రం టకటకమంటూ గిర్రున తిరిగిపోతోంది. సాయం చేయడానికి వచ్చి అడ్డం పడుతున్నాను. ఆ మాట చెప్పే దారి కప్పీకి లేదు. ఒక పెద్ద విసురుకు తాడు చేతిలోంచి జారిపోయింది. ఆవిడ మణికట్టు పొట్టకు అదుముకుంది.

"చాలు హైమా. తిప్పేస్తాను," అన్నాడు జోగారావు మెత్తగా. కసిరి ఉంటే ఆవిడకు అంత బాధ ఉండేది కాదేమో.

"ఆగండి. ఈ కప్పీ లాగేటప్పుడు నోరెత్తట్లేదు, వదిలినప్పుడే అరుస్తోంది."

"సామానన్నాక చప్పుడు చెయ్యదేటి?"

"చెయ్యాల్సినప్పుడు చెయ్యాలి కదా! తాడు తిరగేసి ఎక్కించాం. పడవని గాలికి ఎదురు పెట్టండి."

పెట్టాడు. తెరచాప రెపరెపలాడుతుంటే ఆవిడ తాడు చివరి ముడి విప్పి, మొత్తం బయటికి తీసి, రెండోవైపు నుంచి ఎక్కించింది. లాగింది. టకటకమన్నాను. తరువాతి విసురుకు గట్టిగా కరిచి పట్టుకున్నాను. దూరాన మలుపుకు గుర్తుగా తేలుతున్న బుడ్డీని చుట్టి ఒడ్డుకు వచ్చేదాకా తాడు ఆవిడ చేతిలోనే ఉంది. త్రినాథ్ పడవను ఇసుక మీదికి లాగి, వదినకు నీళ్ల సీసా అందించాడు.

పందెంలో మొగుడూ పెళ్లాలిద్దరూ మూడోవాళ్లుగా వచ్చారు. "అంతా మా కప్పీ మహిమ" అని జోగారావు అందరికీ చెప్పుకున్నాడు. నేనూ నమ్మేశాను.

మరుసటి ఏడు, మంచి గాలి ఉన్న ఒక ఉదయం, ఆవిడ నా పక్కనున్న చిన్న మీట నొక్కింది. ఆ మీట నొక్కితే నా పళ్లు విడిపోతాయి, నేను ఉత్త గిలకనైపోతాను. గాలి బరువంతా ఒక్కసారిగా ఆవిడ కుడిచేతి మీద పడింది. వేళ్లు బిగుసుకున్నాయి. తాడు జారలేదు.

"ఏటి, చప్పుడాగిపోయింది? కప్పీ పాడైందా?" చుక్కాని దగ్గర నుంచి జోగారావు కంగారుపడ్డాడు.

"లేదండీ. మీరు ముందుకి చూసి నడపండి."