శుక్రవారం గోలి

మొండితనంలో మా ఆయన యోబుకి సాటి ఎవరూ లేరు, నేను తప్ప. బషీరాబాద్ నుంచి తాండూరుకు షేరింగ్ ఆటో నడుపుతాడు. బీపీ ఉంది, రోజూ గోలి మింగాలి. శుక్రవారం ఉపవాస ప్రార్థన కాబట్టి ఆ రోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ఇక గోలి సంగతి చెప్పేదేముంది!

మా దవాఖానకు వికారాబాద్ నుంచి డాక్టరు వచ్చేది కూడా శుక్రవారం సాయంత్రమే. చూసినప్పుడల్లా బీపీ ఎక్కువే. డాక్టరు మోతాదు పెంచాడు. ఆ పెద్ద గోలి మింగిన రోజు బీపీ మరీ పడిపోయి యోబు ఆటో నడుపుతూ తూలాడు, బండి కాలువలోకి పోబోయింది. బీపీ కుదుటపడేదాకా ఆటో ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆటో ఆగితే మా ఇంట్లో పొయ్యి ఆగుతుంది.

ఆశా కార్యకర్త అమూల్య ఇంటికొచ్చి కూర్చుంది. "భాగమ్మక్కా, శుక్రారం అన్న ఏం తింటడు?"

"ఏం తినడు. గోలి గూడ మింగడు."

అమూల్య అక్కడినుంచే దవాఖాన నర్సు నిరోషాకు ఫోన్ కలిపింది. నిరోషా డాక్టరుకు చెప్పింది. శుక్రవారం మింగకపోబట్టే బీపీ ఎక్కువ చూపిస్తోందని, రోజూ మింగితే పాత మోతాదే చాలన్నాడాయన. "గోలి రాసుడు డాక్టరు పని, బీపీ చూసుడు మా పని. మింగిచ్చుడు నీ పనక్కా," అంది నిరోషా. నన్ను కూడా లెక్కలోకి తీసుకున్నందుకు మస్తు సంతోషమేసింది.

శుక్రవారం కూడా గోలి మింగమంటే యోబు మాత్రం ఎగిరిపడ్డాడు. "దేవునికి నాకు నడుమ మీరెవ్వరే?"

"నీ పెండ్లాన్ని. ఆ దేవుడే నిన్ను నాకు అప్పజెప్పిండు!"

శుక్రవారం చర్చిలో ప్రార్థన మధ్యలో గోలి, నీళ్ల గ్లాసు పట్టుకుని వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. పాట ఆగిపోయింది. యోబు మొహం తిప్పుకున్నాడు. నాకు భయంగానే ఉంది, అయినా కదల్లేదు. పాస్టరు యాకోబును అడిగేశాను:

"అయ్యా, గీ గోలికి ఉపాసం చెడ్తదా? చెడ్తే ఆ పాపం నాకు రానియ్యి. రేపు మనిషే పోతే నువ్వు తెచ్చిస్తవా?"

పాస్టరు జేబులోంచి తన గోలీల పట్టీ తీశాడు. "నాకు గూడ బీపీనే అమ్మా. శుక్రారం నేను గూడ మింగుతలేను," అన్నాడు. అందరి ముందూ ఒకటి నోట్లో వేసుకుని, నా చేతిలోని గ్లాసు అందుకుని సగం తాగి, మిగతాది యోబుకిచ్చాడు.

యోబు నన్ను కొరకొరా చూస్తూనే మింగాడు. చూడనీ. అట్లా చూడ్డానికి మనిషంటూ ఉండాలి కదా!