పకూ బకూ ఒకే అక్షరం

కనకం పెద్ద గరిటెతో సాంబారు అడుగంటకుండా కలుపుతుంటే కుడిచెవిలో హోరు మళ్లీ మొదలైంది. ఇందిరా నగర్ సర్కారు బడి వంటశాలలో ఆమెది పంతొమ్మిదేళ్ల కొలువు. పొట్టి మనిషి, ముంజేతుల నిండా నూనె చిట్లిన పాత మచ్చలు. నిన్న మొగుడు నరేంద్రన్ కొట్టిన దెబ్బ ఆ చెవి మీదే పడింది. తోటి వంటమనిషి సెంగమలం వాపు చూసి కూడా చూడనట్టు ఉల్లిపాయలు తరుక్కుంటోంది. కనకానికి ఆమె మీదా కోపం వచ్చింది.

ఆ దెబ్బ ఒక్క అక్షరం కోసం. నరేంద్రన్ ఈ తమిళ ఊళ్లోని తెలుగువాళ్ల సంఘానికి ఏటా ఒక నాటకం రాస్తాడు, మొగుడి వేషం తనే కడతాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆ లిపి చదవగలిగినవాళ్లు సంఘంలో లేరు కనుక తమిళ అక్షరాల్లో రాస్తాడు. తమిళంలో పకూ బకూ ఒకే అక్షరం. ఈ ఏటి నాటకం చివర తన్నులు తిన్న పెళ్లాం పుట్టింటి నుంచి తిరిగొచ్చి, మొగుడి కాళ్ల మీద పడి "నా మొగుడే నా పరువు" అనాలి. పెళ్లాం వేషం కట్టిన కార్తిక నిన్న రిహార్సల్లో దాన్ని "నా మొగుడే నా బరువు" అని చదివేసింది. అందరూ పగలబడి నవ్వారు. తెర పక్కన ఉండి మాట అందించేది కనకం. ఆ నవ్వులన్నిటికీ ఇంటికొచ్చాక ఆమె చెవి దొరికింది.

"నువ్వే గదే దానికి నేర్పించింది," అన్నాడు.

ఆమె నేర్పలేదు. తనకా ఊహ ముందే ఎందుకు రాలేదా అని ఇప్పుడు ఒళ్లు మండుతోంది. "అన్నం పెట్టే చెయ్యి ఇరిచేస్తే రేపు ఎవురు వండేది?" అని నాటకంలో పెళ్లాం ఏడుస్తుంది. పన్నెండేళ్ల కిందట ఆయన మణికట్టు మెలిపెట్టినప్పుడు కనకం అన్న మాట అది. ఏడుపు ఆమెది, చప్పట్లు ఆయనవి. దొంగ సచ్చినోడు అని గరిటెను సాంబారు అండా అంచుకేసి కొట్టింది.

పిల్లలకు వడ్డించి, అండాలు తోమి, ఇంటికెళ్లి ఆయన పంచె ఇస్త్రీ చేసింది. రెండు చీరలు సంచిలో సర్దుకుంది. ఆయన ఆ సంచి వైపు చూడనైనా లేదు.

ఐదింటికి మురుంగపాక్కం కల్యాణ మండపంలో నాటకం మొదలైంది. తెర పక్కన మడత కుర్చీలో కనకం, ఒళ్లో నాటకం రాసిన నోటుబుక్కు. వేదిక మీద నరేంద్రన్ కార్తికను కొట్టినట్టు నటించాడు. అతని చెయ్యి ఆ పిల్ల చెంపకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఆపాలంటే ఆపుకోగలడన్నమాట. ఆపుకోలేకే కొడుతున్నాడని ఇన్నేళ్లూ అనుకుంది కనకం.

చివరి రంగంలో కార్తిక మోకాళ్ల మీద కూర్చుంది. నిన్నటి తిట్లకు బెదిరిపోయి ఉందేమో, మాట దగ్గర ఆగి తెర వైపు తల తిప్పింది.

"అత్తా, ఏది? పరువా, బరువా?" అంది గుసగుసగా.

కనకం నోటుబుక్కు చూడలేదు. "బరువు. లేసి నిలబడి చెప్పు."

కార్తిక లేచి నిలబడింది. "నా మొగుడే నా బరువు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మూడో వరుసలో సెంగమలం ఒక్కతే చప్పట్లు మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆడవాళ్లంతా అందుకున్నారు. నరేంద్రన్ దీవించడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి తెర పక్కకు చూశాడు.

అప్పటికే కనకం సంచితో వెనక గుమ్మం దాటి బస్సు స్టాపు వైపు నడుస్తోంది. ఏంబలం ఊళ్లో అక్క లోకేశ్వరి ఉంది. కోపం ఇంకా తగ్గలేదు. ఆ ఊరి బస్సు రాగానే సంచి చంకలో పెట్టుకుని ఎక్కేసింది.

తెర పక్కన మడత కుర్చీ మీద నోటుబుక్కు ఆఖరి పేజీ దగ్గర తెరిచే ఉంది, అందులో ఆ మాట ఎవరెలా చదువుకుంటే అలా.